మొదటి గొట్టం

"చిన్న డాక్టరమ్మ చేస్తే బావుంటుందేమో," అన్నాడు ముసలి దర్జీ, తన కుక్క తల నిమురుతూ. అతను అడిగింది నా చెల్లెల్ని, పెద్ద డాక్టర్ని నేను ఎదురుగా ఉండగానే!

నాకు ఒళ్లు మండింది. అతన్ని బయట కూర్చోబెట్టి, చెల్లెలి చేతిలోని సూది నేనే తీసుకున్నాను.

కుక్క గుండె చుట్టూ చేరిన నీరు తీయాలి. అది ఎర్రగానే ఉంటుంది గానీ గడ్డకట్టదు. గడ్డకట్టిందంటే సూది గుండెలోకే దిగినట్టు.

నేను తీసింది గాజు గొట్టంలో ఐదు నిమిషాలకే గడ్డకట్టింది.

చెల్లెలు కొత్త సూది తీసుకుని మళ్లీ గుచ్చింది. ఈసారి గడ్డకట్టలేదు. కుక్క ఊపిరి తేలికపడింది.

లోపలికొచ్చిన దర్జీ మొదటి గొట్టం చూసి, "ఇదేంటమ్మా?" అన్నాడు.

"ముందు నా చెయ్యే తప్పిందండీ," అంది చెల్లెలు, నావైపు చూడకుండా.

"పోన్లే తల్లీ, ప్రాణం నిలబెట్టావు," అంటూ చెల్లెలికి దండం పెట్టాడు.

నేను చేసిన తప్పుకి కూడా దండం దానికే.