బ్రేక్ షూలు

పదకొండైనా మాస్టారు రాలేదు.

పాత కార్ల సామానమ్మే షావుకారు కుర్చీలోంచి లేచి గుమ్మం దాకా వెళ్లాడు, వెనక్కి వచ్చాడు. అప్పుడే అది ఆరోసారి. ఒకప్పుడు ఆ వరసలో ఇలాంటి షాపులు తొమ్మిది. ఎనిమిది మూతపడి ఫోన్ల షాపులయ్యాయి. తొమ్మిదోది ఇతనిది. ఖాళీ చేస్తాడో లేదో సాయంత్రంలోగా చెప్పమన్నాడు షాపు ఓనరు.

డ్రాయింగ్ మాస్టారు ప్రతి నెలా కొనే సామానుతో అద్దె గట్టెక్కుతోంది. ఆ ఒక్క బేరం పోతే షట్టరు దించుకోవడమే.

మాస్టారు వచ్చాడు. స్టూలు మీద కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ కూర్చున్నాడు.

"కారు తెచ్చారా? పోయిన నెల ఏదో శబ్దం వస్తోందన్నారుగా, ఓసారి వింటాను."

"సందు చివర పెట్టానండీ. ఇక్కడ తిప్పుకోలేను." మాస్టారు చొక్కా గుండీ తిప్పుతూ ఉండిపోయాడు. "షావుకారూ, కారు అమ్మేద్దామనుకుంటున్నా."

షావుకారు మొహం మీది నవ్వు చెదరనివ్వలేదు.

"అమ్మేసి? కొత్తది కొంటారా?"

"మా ఆవిడ గొడవండీ. ఇన్నాళ్లూ కొన్న సామానుతో ఇంకో కారు కట్టొచ్చంటోంది."

"చెల్లెమ్మకు కొత్త కార్ల సంగతి తెలీదు. మా బావమరిది కారుకి ముందు లైటు పోయింది. బల్బు ఒక్కటే మార్చరట. మొత్తం లైటు మార్చాలి. దానికి బంపరు ఊడదియ్యాలి. బిగించాక కంప్యూటరు పెట్టి, 'ఇది నీ లైటేనమ్మా' అని కారుని బతిమాలాలి. అది ఒప్పుకుంటేనే వెలుగుతుంది. ఎంతయిందో తెలుసా? నలభై రెండు వేలు."

"లైటుకా?"

"లైటుకే. పైగా పదకొండు రోజులు ఆటోల్లో తిరిగాడు. అదే మీ కారుకైతే ఒక బల్బు, ఒక స్క్రూడ్రైవరు. మీ చేత్తో మీరే వేసుకుంటారు. బానెట్ ఎత్తితే ఏది ఎక్కడుందో కనిపిస్తుంది. కొత్త కారు బానెట్ ఎత్తితే ఏముంటుంది? నల్ల ప్లాస్టిక్ మూత. దాన్ని తియ్యడానికీ బిల్లే."

మాస్టారు ఏదో అనబోయాడు. షావుకారు ఊపిరి తీసుకోలేదు. సెన్సార్ల ధరలు చెప్పాడు, తాళంచెవి పోతే అయ్యే ఖర్చు చెప్పాడు. చెబుతూనే బల్ల మీదున్న అద్దె లెక్కల పుస్తకాన్ని సొరుగులోకి తోసేశాడు.

మాస్టారు ఆ సొరుగు వైపు చూశాడు. వెనక దుమ్ము పట్టిన అరల వైపు చూశాడు. నిట్టూర్చాడు.

"సరే. బ్రేక్ షూలు ఇవ్వండి."

"ముందువా, వెనకవా?"

"ఏవైనా... రెండూ ఇవ్వండి."

మాస్టారు పొట్లం చంకన పెట్టుకుని సందు మలుపు తిరిగే లోపే షావుకారు ఓనరుకు ఫోన్ చేసి, ఖాళీ చెయ్యనని చెప్పేశాడు. మాటకారితనమంటే ఇదీ, అనుకున్నాడు. ఇరవై ఏళ్ల వ్యాపారంలో ఇంత కష్టమైన బేరం తగల్లేదు.

ఫోన్ పెట్టేశాడో లేదో మళ్లీ మోగింది. మాస్టారి భార్య.

"అన్నయ్యగారూ, ఈయన ఇవాళైనా నోరు విప్పి చెప్పారా మీకు?"

"చెప్పారమ్మా, కారు అమ్మేస్తానన్నారు. నేనే నచ్చజెప్పి ఆపాను."

"దాన్ని అమ్మి నాలుగేళ్లయిందన్నయ్యా, మీ సామానుతోనే మా మంచాల కిందంతా నిండిపోయింది."