ఒక్కరికే పర్మిట్టు

“రాత్రికి మద్రాసు రైలెక్కాల్సినోడివి, పొద్దున్నుంచీ యాడికి పోయినావురా?” గుమ్మంలో కొడుకును చూడగానే నాగులమ్మ గొంతెత్తింది.

పోలయ్య చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు.

ట్రంకుపెట్టె పక్కన కూర్చున్న రవణమ్మ పిడికిళ్లు బిగించింది. కొత్త పెళ్లికూతురు, మొగుడితో రంగూన్ వెళుతున్నానన్న సంబరంతో నిన్న గోరింటాకు పెట్టుకుంది. తెల్లవారగానే కబురొచ్చింది. బర్మాలో పరదేశీయులు ఏటేటా కట్టే పర్మిట్టు రుసుము మళ్లీ పెంచారట. పోలయ్య దగ్గరున్నది ఒక్కరికే సరిపోతుంది.

“నువ్వొక్కడివే పో. రంగూన్ మిల్లులో పని పోతే మళ్లా దొరకదు. పిల్ల నా కాడ ఉంటది,” అంది నాగులమ్మ.

“వచ్చే ఏడు ఇంకా పెంచితే?” అన్నాడు పోలయ్య.

“అప్పుడు చూద్దాం.”

“నేను ఇప్పుడే చూసుకున్నానమ్మా.”

పోలయ్య చేతులు ముందుకు చాపాడు. మోచేతుల దాకా ఎరుపు. వలలు నానబెట్టే చెట్టుబెరడు రంగు. వాళ్ల మైపాడు తీరంలో ఒక పడవ వలను ఆ రంగులో ముంచినవాడు ఆ ఏడంతా ఆ పడవ మనిషే.

నాగులమ్మ నెత్తి కొట్టుకుంది. “ఓడెక్కితేనే కక్కుకునేవాడివి, పడవ మీద పోతావంట్రా!”

“కక్కుకుంటానే పోతా.”

రవణమ్మ లేచి వచ్చింది. బిగించిన పిడికిలి విప్పి, తన అరచేతిని అతని అరచేతి పక్కన పెట్టింది. రంగూన్ ప్రయాణం చేజారినందుకు కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ, నవ్వు ఆగలేదు.

“నాకన్నా నీకే బాగా పండింది బావా!”