నూకాలు చేప

రేవులో చేపలు తూచే యంత్రం గున్నమ్మ తట్టను మూడోసారి కూడా వెనక్కి తోసింది. “ఈ చేప ఈ సముద్రంలో లేదు,” అంది తియ్యని గొంతుతో.

యంత్రం ముద్ర పడని చేపను గోతిలో పూడ్చాలి. తట్టనిండా ఉన్నవి చిలకముక్కు మూతుల పచ్చ చేపలు. ఎక్కడో దక్షిణాన పగడాల దిబ్బల్లో ఉండేవి, నీళ్లు వేడెక్కాక నాలుగేళ్లుగా ఇక్కడి వలల్లో పడి, అన్నీ గోతికే పోతున్నాయి.

“జాబితాలో నేదు పిన్నీ. పూడ్సెయ్,” అన్నాడు యంత్రాన్ని చూసుకుంటూ దాని జాబితాలో పేర్లు ఎక్కించే తాతారావు.

“నేని సేపని ఎలాగ పూడుస్తార్రా?”

ఆ పేటలో కొత్త చేపను మొదట వండి తిన్న ఆడదే దానికి పేరు పెట్టాలి. గున్నమ్మ యంత్రం ఎదుటే పొయ్యి రాజేసి పులుసు పెట్టింది. మిగతా ఆడవాళ్లు తట్టలు దించి చుట్టూ కూర్చున్నారు. అందరూ చూస్తుండగా ముందు తనే తింది.

“కొరికే మూతి. అచ్చం మాయత్త నూకాలుదే. నూకాలు సేప,” అంది.

ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. వాసనకు ఆగలేక తాతారావూ ఆకు పట్టాడు. రెండోసారి వడ్డిస్తూ గున్నమ్మ అడిగింది.

“ఏటి తింతన్నావురా?”

“నూకాలు సేప పిన్నీ.”

“అయితే సెయ్యి కడుక్కుని, ఆ మాట దానికీ సెప్పు,” అంటూ ఆమె తట్టను నాలుగోసారి యంత్రం మీద పెట్టింది.