గేటు బయటి ఫైనల్

"ఈ టికెట్ మీ ముఖానిది కాదండీ," అంది ముఖాలు పోల్చే గేటు యంత్రం.

నిజమే, అది జ్వరంతో పడుకున్న మా ఆవిడది. టికెట్లు బ్లాకులో అమ్మేవాళ్ళని అణచడానికి తెచ్చిన చట్టం ఇది, ఎవరి టికెట్ వాళ్ళ ముఖానికే. పెళ్ళాం టికెట్ మొగుడికీ చెల్లదు. లోపల మా అమ్మాయి వసుంధర కబడ్డీ ఫైనల్ ఆడుతోంది.

"ఊరందరికీ బ్లాకులో సీట్లిప్పించావు, నీకే లేదా బాబాయ్?" కాపలా అప్పన్న నవ్వాడు.

"నవ్వరా! సినిమాహాలు ముందు బతికినన్నాళ్ళూ లోపలికెళ్ళానా? ఏ ఈల దేనికో గోడ బయటినుంచే చెప్పేవాణ్ణి."

గోడకి చెవి ఆనించాను. స్టేడియమంతా బిగుసుకుపోయింది. మరుక్షణం గోడ అదిరింది.

"ఏటైంది బాబాయ్?"

"గెలిపించేసిందిరా మా పిల్ల!"

వేలమంది దాని పేరే అరుస్తున్నారు. మా ఆవిడకి ఫోన్ కలిపి గోడకి ఆనించాను.

"వినవే. దీనికి టికెట్ అక్కర్లేదు."