కాంతమ్మ కట్టిన జరిమానా

"పాపా, నీ వయసెంత?"

లేబర్ ఆఫీసరు నీలకంఠం అడగ్గానే, జీడిపప్పు పొట్టు తీస్తున్న గౌతమి చేతులు ఆగిపోయాయి. "పదకొండు" అని ఉన్నదున్నట్టు చెప్పేసింది.

పక్కనే పొట్టు తీస్తున్న దాలమ్మ తల పట్టుకుంది. పలాసలో పనికెళ్లే ఏ పిల్లనడిగినా పదిహేనంటుంది. దీనికి ఆ మాత్రం నేర్పినవాళ్లు కూడా లేరు.

"ఓనరెవరు?"

"నానే బాబూ" అంటూ కాంతమ్మ ముందుకొచ్చింది. కాశీబుగ్గలో ఆవిడది చిన్న ఫ్యాక్టరీ. పెద్ద ఓనర్లయితే ఈపాటికి పిల్లని దొడ్డిదారిన పంపేసి, ఆఫీసరుకి కూల్‌డ్రింకు తెప్పించేవారు. ఈవిడకి అవేవీ రావు. ఎదురుగా నిలబడింది, అంతే.

"పిల్లల్ని పనిలో పెట్టుకోవడం నేరమని తెలీదా? ఇరవై వేలు కట్టాలి."

"తెల్సు బాబూ. కడతాను."

దాలమ్మకి కడుపు మండింది. "ఈయమ్మ ఎప్పుడూ సిన్నపిల్లల్ని పన్లో ఎట్టుకోనేదు బాబూ. దీనమ్మకి కిడ్నీలు పాడైపోనాయి. ఇంట్లో తిండి నేదు, బడి నేదు. జాలిపడి ఇయాలే కూకోబెట్టింది. ఎవుడో ఓర్వనేనోడు అప్పుడే నీకు ఫోను కొట్టేసినాడు. ఆడి నోట్లో మన్నెట్ట."

"పాపకి మంచే జరుగుతుందమ్మా" అన్నాడు నీలకంఠం. "టెక్కలి బడిలో చేర్పిస్తాం. తిండీ, బట్టా, చదువూ అక్కడే. జరిమానా సొమ్ము కూడా ఈ పిల్లకే ఖర్చు పెడతాం."

"అంత మంచి బడుంటే ముందే సేర్సుకోవచ్చు గదా?" అని నిలదీసింది దాలమ్మ.

"కుదరదు. పనిలో పట్టుబడ్డ పిల్లలకే ఆ బడి."

గౌతమి బిక్కమొహం వేసింది. "మాయమ్మో?"

"మీయమ్మకి గంజి నాను కాసిపోత్తాన్లే. నువ్వెల్లు" అంది దాలమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

కాంతమ్మ పిల్ల జుట్టు సవరించి జీపెక్కించింది. ఇరవై వేలంటే ఆవిడకి సీజనంతా కష్టపడిన లాభం. అయినా మొహంలో దిగులన్నది లేదు. అంత నిబ్బరం ఎంతమందికి ఉంటుంది?

"ఆదోరం ఆదోరం అమ్మని సూడ్డానికి పంపుతారేటి బాబూ?" అనడిగింది.

నీలకంఠం ఆవిడ వంక ఒక్క క్షణం చూసి, దాలమ్మకి వినబడకుండా గొంతు తగ్గించాడు.

"నిన్న ఫోనులో మీ ఫ్యాక్టరీ అడ్రసు చెప్పి, చివర్లో మీరడిగిందీ ఇదే కదమ్మా."