పక్షం వహించని బల్ల

ఓటర్ల నమోదు బల్లలకు చెవులొచ్చి నాలుగేళ్లయింది. బల్ల వెనక కూర్చున్నవాళ్లు ఏ పార్టీ వైపు మొగ్గి ఒక్క మాట అన్నా, ఆ రోజు రాసిన పేర్లన్నీ చెల్లకుండా పోతాయి. భీమిలి చేపల బజారులో కూర్చున్న సుగుణమణికి ఆ భయం రెండింతలు. ఆమె అన్నయ్య ఆ వార్డులోనే పోటీ చేస్తున్నాడు.

మధ్యాహ్నానికి అరవై రెండు పేర్లు రాశాక ముసలి ఎర్రమ్మ వచ్చింది. ఎండుచేపల గంప దించి, "మీ అన్నయ్య నిలబడ్డాడట కదేటి? నా ఓటు ఆయనకేనమ్మా" అంది.

బల్ల మీది దీపం హెచ్చరికగా పసుపురంగుకు తిరిగింది. ఇప్పుడు సుగుణమణి సంతోషం చూపించినా చాలు, అరవై రెండు మంది ఓట్లూ గల్లంతే. ఆమె గొంతు సవరించుకుంది.

"ఎవరికేస్తావో నాకు చెప్పకు మామ్మా. నువ్వు ఎవరికేసినా నీ పేరు రాస్తాను."

దీపం మళ్లీ ఆకుపచ్చకు తిరిగింది. ఆమెకంటే ముందు ఎర్రమ్మే గట్టిగా ఊపిరి వదిలింది.

"బతికించావు తల్లీ! ఆయనకెయ్యనంటే పేరు రాయవేటోనని బయమేసి అలగన్నాను."

సుగుణమణి హాయిగా నవ్వేసింది. "ఇంటిపేరు చెప్పు మామ్మా" అంటూ అరవై మూడో పేరు రాయడం మొదలుపెట్టింది.