చూరుల గ్లాసు

చాయ్ తాగినంక మా జీతగాడు సోమయ్య తన గ్లాసు కడిగి చూరుల చెక్కిండు. అది చూసి నా దోస్తు తాబో గూడా తన గ్లాసు కడిగి పక్కనే చెక్కిండు.

"ఆడ పెట్టద్దని చెప్పు బిడ్డా. అది సోమయ్య గ్లాసు జాగ. మనయి లోపలుంటయి," అన్నది అమ్మ.

తాబోది దక్షిణాఫ్రికా. హైదరాబాదుల నాతోటే అంతర్జాతీయ సంబంధాలల్ల ఎమ్మే చదువుతున్నడు. సెలవులకు మా ఊరు హత్నూర చూస్తనని వచ్చిండు.

"అమ్మ ఏమంటున్నది? ఇది మీ ఇంటి పద్ధతే కదా?" అని ఇంగ్లీషుల అడిగిండు.

వాళ్ళ దేశంల ఒకప్పుడు నల్లోళ్ళకు వేరే బెంచీలు, వేరే నల్లాలు ఎందుకని నేను రాసిన వ్యాసానికే క్లాసుల ఫస్టు మార్కులొచ్చినయి.

"చుట్టానివి, నువ్వు కడుగుడేందంటున్నది," అన్న.

సోమయ్య నా మొహం దిక్కు చూడలేదు. తాబో గ్లాసుకు తగలకుండ తన గ్లాసును జెర అవతలికి జరుపుకున్నడు.